బాటసారి ఆకు

నాగమల్లేశ్వరి పంపిన క్యారియర్ మూత తియ్యకుండానే తిరిగొచ్చింది. నిన్న మధ్యాహ్నం వచ్చినట్టే, నిన్న రాత్రి వచ్చినట్టే.

లహరి దాన్ని వంటింటి గట్టు మీద పెట్టింది. "పెదనాన్న ముట్టుకోలేదమ్మా. మజ్జిగ చాల్లే తల్లీ అని నవ్వారు. ఆయన నవ్వుతుంటేనే నాకు భయమేస్తోంది," అంది.

నాగమల్లేశ్వరి మూత తీసి చూసింది. మామిడికాయ పప్పు, బెండకాయ వేపుడు, ఆయనకి ఇష్టమని కాస్త మెత్తగా వండిన అన్నం. అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. షుగరు మాత్రలు వేసుకునే మనిషి ఇన్ని పూటలు పస్తుంటే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

హాల్లో పాండురంగారావు షామియానా కుర్రాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతు మెత్తగా ఉంది. ఎవరితో మాట్లాడినా ఆయన గొంతు మెత్తగానే ఉంటుంది. మొన్న సాయంత్రం సత్రం గుమ్మంలో సూట్‌కేసు పట్టుకుని నిలబడిన కెజియా అనే అమ్మాయితో కూడా అంతే మెత్తగా, గదులన్నీ వార్షికోత్సవానికి వచ్చేవాళ్ళకి ఇచ్చేశాం, ఏమీ అనుకోవద్దమ్మా అని చెప్పాడు. చల్లటి కొబ్బరినీళ్ళు తెప్పించి తాగించాడు. స్టేషను దగ్గర మంచి లాడ్జిలో గది మాట్లాడి, ఆటో ఎక్కించి, ఆటో అతనికి పదిసార్లు జాగ్రత్తలు చెప్పి మరీ పంపాడు. గోదావరి జిల్లాల్లో కాదనాలన్నా ముందు మర్యాద చేసి కాదంటారు. కాదన్న సంగతి ఎదుటివాళ్ళకి వీధి మలుపు తిరిగాక గానీ తెలియదు.

కెజియాకి వీధి మలుపు దాకా వెళ్ళే పని లేకపోయింది. సత్రం ఆఫీసు గదిలో గోడకి కొట్టిన చెక్క మీద గదుల తాళంచెవులన్నీ వరసగా వేలాడుతున్నాయి. ఆ పిల్ల వాటికేసి ఒకసారి చూసి, థాంక్యూ సర్ అని గ్లాసు కింద పెట్టింది. పక్కనే నిలబడ్డ శ్రీరాములు ఆ చూపు చూశాడు. అప్పటినుంచీ ఆయన అన్నం ముట్టలేదు.

శ్రీరాములు పాండురంగారావుకి స్వయానా అన్న. పెళ్ళి చేసుకోలేదు. కుర్రతనంలోనే పడమటి ఆఫ్రికాలోని లైబీరియాకి, మన్రోవియాలో ఒక సింధీ వ్యాపారి బియ్యం కొట్లో గుమాస్తాగా వెళ్ళి, అక్కడే తల నెరిసి, తిరిగొచ్చి తాతగారు కట్టించిన సత్రంలో మేడమీద గదిలో ఉంటున్నాడు. కెజియా ఆ దేశం పిల్ల. ఏలూరు దగ్గర ఆయిల్‌పామ్ సాగు నేర్చుకోవడానికి వచ్చింది. యుద్ధం రోజుల్లో శ్రీరాములుని ఇంట్లో దాచి కాపాడిన ఆవిడకి మనవరాలు. నాలుగు రోజులు సెలవు పెట్టుకుని, మా 'పా'ని చూడాలి అంటూ తాడేపల్లిగూడెం రైలెక్కింది. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళని పా అంటారట.

ఫోను పెట్టేశాక నాగమల్లేశ్వరి హాల్లోకి వచ్చి నిలబడింది.

"ఏవండీ, బావగారు ఇవాళ కూడా తినలేదు."

"వెళ్ళి బతిమాలాను కదా. చిన్నపిల్లాడా ఆయన?"

"ఆయన పక్క గది ఆ పిల్లకి ఇచ్చేస్తే సరిపోయేదేమోనండి."

పాండురంగారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఆయన చేసేది అదొక్కటే. "సత్రం నా ఒక్కడి సొత్తా? కమిటీ ఉంది. మన సంఘం వాళ్ళకే గదులని రూలుంది. ఆ అమ్మాయి రంగు చూసి అన్నాననుకుంటున్నావేమో. మన పక్కింటి మేష్టారు వచ్చి అడిగినా నాది ఇదే మాట."

అది నిజమే. అందులో అబద్ధం లేకపోవడమే నాగమల్లేశ్వరికి బాధగా ఉంది. అబద్ధమైతే దెబ్బలాడొచ్చు.

"ఆయిల్‌పామ్ వాళ్ళ వైపు చెట్టేనట నాన్నా," అంది లహరి వంటింట్లోంచి. "కెజియా చింతలపూడిలో తోటలు చూసి, మా చెట్టు ఇక్కడికెలా వచ్చిందని ఆశ్చర్యపోయిందట. చెట్టుకైతే జిల్లా సగం ఇచ్చాం. మనిషికి గది లేదన్నాం."

"నువ్వు ఊరుకో," అన్నాడు తండ్రి, మెత్తగానే.

తర్వాత ఆయన చెప్పిందంతా పాత సంగతే. ఏలూరు నుంచి, నల్లజర్ల నుంచి, చింతలపూడి నుంచి సభ్యులు వస్తున్నారు. ఈసారి ధర్మకర్తగా తనని మార్చాలని కొందరు ఇప్పటికే గుసగుసలాడుతున్నారు. వాళ్ళకి ఒక్క సాకు దొరికితే తాతగారి సత్రం ఈ ఇంటి చేతిలోంచి పోతుంది. అన్నయ్యకి ఇవేమీ పట్టవు. ఎప్పుడూ పట్టలేదు.

"రేపు మొదటి ఆకు నువ్వే వెయ్యాలి. మనసు పాడుచేసుకోకు," అని లేచి వెళ్ళిపోయాడు.

నాగమల్లేశ్వరి ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఏమీ అనకపోవడాన్ని ఆయన ఒప్పుకోవడం కింద లెక్కేసుకునేవాడు. ఆవిడా సరిదిద్దలేదు.

* * *

సాయంత్రం ఎండ తగ్గాక ఆవిడే స్వయంగా క్యారియర్ పట్టుకుని సత్రానికి వెళ్ళింది.

శ్రీరాములు వీధి అరుగు మీద గోడకి జారబడి కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. పక్కన కెజియా మామిడాకులు ముందేసుకుని తోరణం గుచ్చుతోంది. లోపల ఉండటానికి చోటు లేదన్న సత్రానికే ఆ పిల్ల తోరణం కడుతుంటే నాగమల్లేశ్వరికి తలెత్తుకోబుద్ధి కాలేదు.

కెజియా లేచి నమస్కారం పెట్టింది. పెద్ద కళ్ళు, గట్టి చేతులు, దాచుకోవడం చేతకాని నవ్వు. పా మొండివాడని, తను ఎంత చెప్పినా వినడం లేదని, మీరైనా చెప్పండని ఇంగ్లీషులో అంది. తనకి లాడ్జి బాగానే ఉందని కూడా అంది. వాళ్ళిద్దర్నీ మాట్లాడుకోనివ్వాలని కాబోలు, మందుల షాపుకి వెళ్ళి గ్లూకోజు తెస్తానని బయల్దేరింది.

"ఆ పిల్లే బాగుందంటోంది కదండీ బావగారూ. మీరెందుకిలా?"

"కూర్చో అమ్మా," అన్నాడు శ్రీరాములు.

ఆవిడ అరుగు చివర కూర్చుంది. రోడ్డు మీద ఉల్లిపాయల లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ వెళ్ళింది. అది కనుమరుగయ్యాక ఆయన అడిగాడు.

"ఆ దేశం ఎలా పుట్టిందో నీకెప్పుడైనా చెప్పానా?"

చెప్పలేదు. ఈ ఇంట్లో ఆయన్ని ఆ దేశం గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అక్కడ తిండెలా ఉంటుంది, జీతమెంత అని మాత్రం అడిగారు. ఇప్పుడు ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అమెరికాలో బానిసలుగా పుట్టి విడుదలైనవాళ్ళు, అక్కడ మనుషుల్లా బతకనివ్వరని ఓడలెక్కి ఆ ఒడ్డుకి చేరారు. దిగినవాళ్ళు దిగినట్టే జ్వరాలతో పోయారు. మిగిలినవాళ్ళు ఊళ్ళు కట్టుకున్నారు, దేశం చేసుకున్నారు. స్వేచ్ఛ మీద ప్రేమే మమ్మల్ని ఇక్కడికి తెచ్చిందని రాజముద్రలో రాసుకున్నారు.

"అంత పడ్డవాళ్ళు ఇంకొకళ్ళని అలా పడనివ్వరనుకుంటాం కదమ్మా."

"అనుకుంటామండీ."

"అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళకి దగ్గర దగ్గర నూరేళ్ళు ఓటు ఇవ్వలేదు. ఒకటే పార్టీ. పదవుల్లో ఎప్పుడు చూసినా అవే ఇళ్ళపేర్లు. దేశం లోపలి పల్లెల పిల్లల్ని తెచ్చి ఇళ్ళల్లో పెంచేవారు. బట్టలిచ్చేవారు, చదువు చెప్పించేవారు, తమ ఇంటిపేరే పెట్టేవారు. మంచివాళ్ళేనమ్మా. అన్నం మాత్రం పెరటి మెట్ల మీద పెట్టేవారు. మా కెజియా నాయనమ్మ ఆ మెట్ల మీదే పెరిగింది."

నాగమల్లేశ్వరి చేతిలో క్యారియర్ బరువనిపించింది. పక్కన పెట్టింది.

"వాళ్ళు దుర్మార్గులనుకోకు," అన్నాడాయన. ఆ మాటన్నప్పుడు గొంతులో జాలి ఉంది. "భయస్థులు. మళ్ళీ ఎవడొచ్చి సంకెళ్ళు వేస్తాడోనని తలుపు గడియ పెట్టుకున్నారు. నల్లవాడు కాకపోతే ఇప్పటికీ అక్కడ పౌరుడు కాలేడు, గజం నేల కొనుక్కోలేడు. నేనన్నేళ్ళున్నా నాకూ లేదు. నాకు కోపం రాలేదమ్మా. ఆ గడియ ఎందుకు పెట్టుకున్నారో తెలుసు కాబట్టి. కానీ లోపలున్నవాళ్ళకి బయట తమలాంటివాళ్ళే నిలబడ్డారని తెలియలేదు."

బియ్యం ధర పెంచుతామని సర్కారు అన్నప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. తుపాకులు పేలాయి. ఆయన పనిచేసే కొట్టు ఆ రోజే దోపిడీ అయింది. ఏడాది తిరక్కుండా ఒక సార్జంటు తెల్లవారేసరికి అధ్యక్షుణ్ణి చంపి గద్దెనెక్కాడు. ఇక మన రోజులొచ్చాయని లోపలి పల్లెలవాళ్ళు నాట్యం చేశారు. పదేళ్ళకి వాళ్ళలో వాళ్ళకే యుద్ధం వచ్చింది. ఇదంతా చెబుతున్నంతసేపూ శ్రీరాములు సత్రం గుమ్మం మీది బోర్డుకేసి చూస్తున్నాడు. 'మన సంఘం వారికి మాత్రమే' అన్న అక్షరాలకి వార్షికోత్సవానికని కొత్త రంగు వేశారు.

ఆయన ఎందుకటు చూస్తున్నాడో నాగమల్లేశ్వరికి విడమరిచి చెప్పక్కర్లేదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పిన కథే అది. జపానువాళ్ళ బాంబులకి రంగూన్‌లో సర్వం వదిలేసి, తాతగారు కాలినడకన కొండలూ అడవులూ దాటి వచ్చారు. సముద్రం దాటి వెళ్ళినవాడని, తోవలో ఎవరి చేతి తిండి తిన్నాడో అని సొంతవాళ్ళే గుమ్మం ఎక్కనివ్వలేదు. ప్లాట్‌ఫారం మీద పడుకున్నారు. నాలుగు డబ్బులు కూడాక ఆయన మొదట కట్టింది ఇల్లు కాదు, ఈ సత్రం.

"ఆ యుద్ధంలోనే కదండీ కెజియా నాయనమ్మ మిమ్మల్ని దాచింది?"

"వానాకాలం. బియ్యం కొట్లో పనిచేసిన నాకే గింజ దొరకలేదు." శ్రీరాములు నవ్వబోయి మానేశాడు. "ఒకనాడు ఆవిడ ఇంత అన్నం, ఉప్పేసి ఉడికించిన కర్రపెండలం ఆకు ఒక బేసిన్‌లో కలిపి మధ్యలో పెట్టింది. చుట్టూ ఆవిడ, పిల్లలు, నేను. వాళ్ళకి అదే అలవాటు. అందరూ ఒకే పళ్ళెంలో చెయ్యి పెడతారు. నేను పెట్టలేదు."

"ఎంగిలని."

"ఎంగిలని. చచ్చిపోయేంత ఆకలి, అయినా చెయ్యి లేవలేదు. ఆవిడ నాకేసి చూసి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్లల చేతులూ ఆపింది. నువ్వు తినకపోతే ఈ ఇంట్లో ఎవరం తినం అంది. చిన్నవాడు ఏడుస్తున్నాడు. ఆ చిన్నవాడే కెజియా నాన్న."

"తిన్నారా?"

"తిన్నాను. అంత కమ్మటి అన్నం మళ్ళీ తినలేదమ్మా. నువ్వు మంచి వంటదానివే, ఏమీ అనుకోకు."

నాగమల్లేశ్వరికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే అమ్మ నాకు ఆకు విడిగా వేసేది, అన్నాడాయన. అత్తగారిని తలుచుకుంటే అది నిజమే అనిపించింది.

"ఇది తమ్ముడి మీద పంతం కాదు," అన్నాడు శ్రీరాములు. "ఆ ఇంట్లో నేను నేర్చుకున్న పద్ధతి. ఆ పిల్ల ఈ గుమ్మం లోపల కూర్చుని తినేదాకా నేను తినలేను. గొంతు దిగదు."

ఆవిడ క్యారియర్ తీసుకుని లేచింది. తినమని బతిమాలలేదు.

* * *

సత్రంలో వార్షికోత్సవం బంతికి ఒక ఆనవాయితీ ఉంది. తాతగారు పెట్టింది. అందరి ఆకులకన్నా ముందు, గుమ్మానికి ఎదురుగా ఒక ఆకు వెయ్యాలి. ఇంటి పెద్దకోడలే వెయ్యాలి. అది బాటసారి ఆకు. దారినపోయే వాళ్ళెవరైనా సరే, పేరూ ఊరూ అడక్కుండా కూర్చోబెట్టి వడ్డించాలి. ఆ తర్వాత ధర్మకర్త "కానివ్వండి" అన్నాకే మిగతా బంతి ముద్ద ఎత్తాలి. శ్రీరాములుకి పెళ్ళి కాలేదు కనక ఆ పెద్దకోడలి హోదా నాగమల్లేశ్వరికి వచ్చింది. కొత్తలో ఒక ఏడు గాజులమ్మేవాడు, ఇంకో ఏడు రైలు తప్పిపోయిన ముసలి దంపతులు ఆ ఆకు ముందు కూర్చోవడం ఆవిడ చూసింది. తర్వాత ఇనుప గేటు వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు. బాటసారులు రావడం మానేశారు. ఆకు మాత్రం ఏటా వేస్తున్నారు. అన్నీ వడ్డించి, దణ్ణం పెట్టి, బంతి లేచాక తీసుకెళ్ళి ఆవుకి పెడుతున్నారు. ఆవు ఏనాడూ రాకుండా ఉండలేదు.

ఆ మధ్యాహ్నం హాలు నిండింది. రెండు వరసల్లో సభ్యులు కూర్చున్నారు. పులిహోర, బూరెలు, గుత్తి వంకాయ కూర వాసన ఫ్యాన్ల గాలికి వీధిలోకి పోతోంది. పాండురంగారావు పట్టుపంచె కట్టుకుని, ఒక్కొక్కళ్ళనీ పేరుపేరునా పలకరిస్తూ తిరుగుతున్నాడు.

నాగమల్లేశ్వరి గుమ్మానికి ఎదురుగా అరిటాకు వేసి నీళ్ళు చిలకరించింది. అన్నీ వడ్డించింది.  వడ్డన అయ్యాక దణ్ణం పెట్టాల్సిన మనిషి గుమ్మం దాటి, మెట్లు దిగి, వీధి అరుగు దగ్గరికి వెళ్ళింది.

"రామ్మా. బావగారూ, మీరూ రండి," అంది.

కెజియా శ్రీరాములు మొహంలోకి చూసింది. ఆయన తల ఊపాడు. ఆ పిల్ల చెప్పులు విడిచి, ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ లోపలికి వచ్చింది. నాగమల్లేశ్వరి ఇద్దర్నీ ఆ ఆకు ముందు కూర్చోబెట్టింది.

హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. కోప్పడ్డవాళ్ళు లేరు. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. నల్లజర్ల పెద్దాయన జేబులోంచి ఫోను తీసి, ఏమీ అనుకోకండి, అర్జెంటు ఫోను వస్తోంది అంటూ లేచాడు. ఫోను మోగినట్టు ఎవరికీ వినపడలేదు. ఆయన వెనకే ఇంకో నలుగురికి ఫోన్లు వచ్చాయి. ఒకాయన మాత్రల కోసం కారు దగ్గరికి వెళ్ళొస్తానన్నాడు. ఎవరూ గుమ్మం దాటలేదు, దాని దగ్గరే నిలబడ్డారు.

పాండురంగారావు దగ్గరికొచ్చి, వినీ వినపడనట్టు, "ఏం చేశావు మల్లేశ్వరీ?" అన్నాడు. కోపం కన్నా ఆ గొంతులో బెదురు ఎక్కువ ఉంది. పాపం, ఆయన కూడా గడియ పెట్టుకున్నవాడే అనిపించింది ఆవిడకి. జాలేసింది.

"తాతగారు చెయ్యమన్నదే చేశానండి," అంది.

ఆ మాట అన్నాక ఆవిడకి గుండె తేలికపడింది. చెయ్యాల్సింది చేసేశాను, ఇంతకన్నా కష్టమైంది ఇంకేముంటుంది అనుకుంది.

అప్పుడు కెజియా ఆకుని రెండు చేతులతో పట్టుకుని, వడ్డించినవి కదలకుండా, తనకీ శ్రీరాములుకీ మధ్యకి జరిపింది. లహరి కంగారుగా ఇంకో ఆకు తేబోతే వద్దని చెయ్యి ఊపింది. తన పక్కన నేల మీద అరచేత్తో తట్టి నాగమల్లేశ్వరిని చూసింది.

"అమ్మా, రా. తిను," అంది. ఆ మూడు తెలుగు మాటలూ లాడ్జిలో కూర్చుని నేర్చుకున్నట్టుంది.

నాగమల్లేశ్వరి కదల్లేదు. కూర్చోబెట్టడం వరకే ఆవిడ ఆలోచించుకుంది. వడ్డించే చెయ్యి తనది కనక ఎంత దూరమైనా వెళ్ళగలననుకుంది. ఒకే ఆకులో, ఇంకొకళ్ళ వేళ్ళు తగిలిన అన్నం. పెళ్ళినాడు భర్త ఆకులో ఒక్క ముద్ద తిన్నాక, మళ్ళీ కన్నకూతురి ఎంగిలి కూడా తినలేదు ఆవిడ. ఒళ్ళు జలదరించింది. అలా జలదరించినందుకు సిగ్గేసింది. సిగ్గేసినా జలదరింపు పోలేదు.

కెజియా ఆకు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. నిష్ఠూరమేమీ లేదు ఆ మొహంలో. ఆవిడ వచ్చేదాకా ఆగుతానన్నట్టు చూస్తోంది, అంతే. పక్కన శ్రీరాములు చెయ్యి కూడా ఆగింది. రెండు రోజులుగా అన్నం ఎరగని ఆ చెయ్యి అన్నానికి బెత్తెడు దూరంలో వణుకుతోంది.

ఆ వణుకు చూడలేకపోయింది నాగమల్లేశ్వరి. చేతిలోని నేతిగిన్నె భర్తకి అందించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కెజియా తట్టిన చోట కూర్చుంది. కుడిచెయ్యి ఆకు మీదికి చాచింది. కెజియా చెయ్యి కూడా మళ్ళీ ముందుకొచ్చింది. నాగమల్లేశ్వరి భర్తకేసి తలెత్తి చూసింది.

"మీరు కానివ్వండి అంటే గానీ ఎవరం మొదలుపెట్టకూడదు కదండీ," అంది. "బావగారికి ఆకలిగా ఉంది."

పాండురంగారావు నేతిగిన్నె పట్టుకుని ఆ ఆకు ముందు నిలబడిపోయాడు. అన్నకేసి చూశాడు. గుమ్మం దగ్గర గుంపుకేసి చూశాడు. అక్కడ ఫోన్లు చెవులకి ఆనించుకున్న వాళ్ళెవరూ మాట్లాడటం లేదు.

ఆకు మీద మూడు చేతులు ఆగి ఉన్నాయి.